నవంబర్‌లో మేడ మీదికి

ఇటలీ పటంలో వెనిస్ మీద వేలు పెట్టి కొంచెం కిందికి జరిపితే, తూర్పు తీరం ఒకచోట సముద్రంలోకి ఉబ్బుకొని వస్తుంది. పో నది ఆడ్రియాటిక్ సముద్రంలో కలిసే డెల్టా అది. ఆ నేలను నేను కళ్ళతో చూడలేదు. దాని గురించి నాకు తెలిసినదంతా నాటింగ్‌హామ్ అనే ఇంగ్లీషు ఊళ్ళో, ట్రెంట్ నదికి దగ్గరగా ఉన్న ఒక వీధిలో, మా పక్కింటి వంటింట్లో కూర్చొని తెలుసుకున్నదే. విన్న ప్రతి మాటనూ ఇంటికి వచ్చి పటాలతో సరిచూసుకునేవాణ్ణి. సరిపోని చోట తప్పు పటానిదేనని పక్కింటి పెద్దావిడ అనేవారు. చాలాసార్లు అది నిజమే అయింది. ఆ నేల, పటం అచ్చయ్యేలోపే కదిలిపోయే రకం.

ఆ నేల నేర్పిన ఒక అలవాటు ఆవిడను సొంత ఇంటికి దూరం చేసింది. అదే అలవాటు నేను పుట్టిన దివిసీమలోనూ ఉంది. అయినా, వినడానికి సిద్ధంగా ఉన్న మనుషుల ముందు కూర్చొని కూడా దాన్ని నేను అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఈ జ్ఞాపకం దాని గురించి.

2009 ఆగస్టు 22, శనివారం, మేము ఆ వీధిలోకి మారాం. నా భార్య అక్కడి ఆసుపత్రిలో నర్సు. నేను లారీలు బాగుచేసే ఒక గ్యారేజీలో లెక్కలు చూసేవాణ్ణి. వరుసగా అతుక్కొని ఉన్న ఎర్ర ఇటుకల ఇళ్ళు. మధ్య గోడ పల్చన. అవతల ఎవరైనా కుర్చీ జరిపినా ఇవతల తెలుస్తుంది. పక్కింట్లో డెబ్బై ఆరేళ్ళ ఇటాలియన్ పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. పద్దెనిమిది దాటగానే వచ్చి, ఇక్కడి మేజోళ్ళ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి, ఇక్కడివాణ్ణే పెళ్ళాడి, భర్త పోయాక ఆ ఇంట్లోనే నిలిచిపోయిన మనిషి. ఊరివాళ్ళందరి లాగే ఎదుటివాణ్ణి ఆప్యాయంగా 'డక్' అని పిలిచేవారు; ఆ మాటలో తప్ప ఆవిడ ఇంగ్లీషులో నాటింగ్‌హామ్ ఎక్కడా లేదు.

నవంబర్ వచ్చింది. మొదటి శనివారం పొద్దున నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, టీ కప్పు పట్టుకొని గోడకు చెవి ఆనించింది.

"ఏవండీ, ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తోందా ఏంటి? మెట్ల మీద ఒకటే చప్పుడు."

"మనకెందుకు?"

"మనకెందుకంటే ఎట్లా? ముసలావిడ ఒక్కతే ఏం మోస్తందో ఏమో. వెళ్ళి చూడండి. మీ డైరీలో రాసుకోడానిక్కూడా ఏదో ఒకటి దొరుకుద్ది."

వెళ్ళాను. తలుపు తీసే ఉంది. మెట్ల మొదట్లో దుప్పట్లు, గిన్నెలు, చట్రం కట్టిన ఫోటోలు, ఒక పిండి మూట. ఆవిడ నన్ను చూసి, ఎప్పుడో చెప్పి ఉంచిన పనికి ఆలస్యంగా వచ్చినవాడితో మాట్లాడినట్టు, "ఆ మూట పైకి చేర్చు, డక్," అన్నారు.

మూట ఎత్తబోయి ఆగాను. "వరద భయమాండీ?"

ఆవిడ నా వంక తేరిపార చూశారు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ నవంబర్ వస్తే బియ్యం, బట్టలు, పొలం కాగితాలు అటకెక్కించేది."

"మీదీ నది చివరేనా?"

"చివరే."

"అయితే జాగ్రత్తగా పట్టుకో. కింద కుట్టు వదులుగా ఉంది."

మా పరిచయం అంతే. ఆ తర్వాత 2010లో, 2011లో కూడా నవంబర్ మొదటి వారాంతంలో ఆవిడ సామాను నేనే పైకి మోశాను. డిసెంబర్‌లో మళ్ళీ దించేవాణ్ణి. ఎందుకని మా ఇద్దరిలో ఎవరూ ఎవరినీ అడగలేదు. దివిసీమలో 1977 ఉప్పెన తర్వాత కార్తీకంలో సామాను అటకెక్కించని ఇల్లు మా ఊళ్ళో లేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేను పెద్దవాణ్ణయ్యేసరికి అదొక పండగ పనిలా, ఇల్లు దులిపే పనిలా ఉండేది. ఎవరూ దాన్ని భయమనలేదు, జబ్బని అసలే అనలేదు.

ఆ డెల్టా రూపం నాకు మొదటిసారి తెలిసింది 2010 జనవరిలో, కిటికీ అవతల ఏమీ కనబడనంత పొగమంచు పట్టిన ఒక ఆదివారం. "ఇదీ మా ఊరి వాతావరణం" అంటూ ఆవిడ బల్ల మీద మొక్కజొన్న పిండి గుప్పెళ్ళతో పోసి, అరచేత్తో చదును చేశారు. చూపుడు వేలితో పడమటి నుంచి తూర్పుకు గీత గీశారు. అది పెద్ద పో, అసలు నది. గీత చివర చెయ్యి విప్పి అయిదు వేళ్ళనూ ఒక్కసారి ముందుకు లాగారు. అవి పాయలు. నిజానికి పాయలు అయిదా, ఆరా, ఏడా అన్నది ఆవిడ రోజుకో మాట చెప్పేవారు. లైబ్రరీలో నేను చూసిన రెండు పటాలు కూడా ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు. కొన్ని పాయలు పూడిపోతాయి, కొన్ని కొత్తగా పుడతాయి.

"ఈ నేల దేవుడు చేసింది కాదు," అని వేళ్ళ మధ్య మిగిలిన పిండిని చూపించారు. "వెనిస్ వాళ్ళు చేసింది."

నాలుగు వందల ఏళ్ళ కిందట, నది తెచ్చే ఒండ్రుతో తమ ఉప్పునీటి మడుగు పూడిపోతుందని వెనిస్ ప్రభువులు భయపడ్డారు. కాలువ తవ్వించి నదిని దక్షిణానికి తిప్పేశారు. తిప్పిన చోట నది తన బురదనంతా సముద్రంలో పోసింది. పోసిన చోటల్లా నేల లేచింది. లేచిన నేల మీద కరకట్టలు వేసి మనుషులను తెచ్చి దించారు. "వాళ్ళు వద్దనుకున్న బురద మీద పుట్టాం మేము," అన్నారావిడ. ఆ మాటలో కోపం లేదు. కొలత చెప్పినట్టు చెప్పారు.

కృష్ణ రెండుగా చీలి సముద్రంలోకి వెళ్ళే చోటు మాదని, మధ్యలో ఉన్న లంకే దివిసీమ అని నేనూ పిండిలో గీసి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, "మీ నది సోమరిది. రెండు వేళ్ళే పెట్టింది," అన్నారు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా మా ఇంట్లో చెప్పాను. నా భార్య అన్నం కలుపుతూ, "నది పేరే 'పో' అయితే అక్కడ మనుషులెట్లా ఉంటారండీ, అందుకే ఇట్లా వచ్చేసి ఉంటది," అంది. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి తల ఎత్తకుండా, "దట్స్ సో మీన్, అమ్మా," అంది. ముగ్గురం నవ్వాం.

ఆ తీరానికి ప్రయాణికులు ఎందుకు వెళ్ళరో నాకు క్రమంగా అర్థమైంది. ఫోటో తీయడానికి అక్కడ నిలువుగా ఏదీ లేదు. కొండ లేదు, రాతి ఒడ్డు లేదు. కరకట్ట మీద నిలబడితే ఒక పక్క నది, ఇంకో పక్క నదికంటే పల్లంలో వరి పొలాలు, ఇళ్ళ కప్పులు. "మా వాకిట్లో నిలబడి తలెత్తితే పడవ పోతూ కనిపించేది," అన్నారావిడ. నేల మొదటి నుంచీ పల్లమే. ఆపైన భూమి లోపల నీటితో కలిసి ఉన్న గ్యాసు కోసం బావులు తవ్వి ఏళ్ళ తరబడి తోడారట. తోడిన కొద్దీ నేల కుంగింది. ఇప్పుడు పంపులు రాత్రింబగళ్ళు నీళ్ళు బయటికి కొడుతూ ఉంటేనే అది నేల, ఆగితే చెరువు. మెత్తటి నేల మీద కట్టడం వల్ల చర్చి గంట గోపురాలు కూడా కొన్ని ఒక పక్కకు ఒరిగి ఉంటాయట.

"మరి సముద్రం?" అని ఒకసారి అడిగాను.

"ఉంటుంది. ఎక్కడన్నది ఆ ఏడాది చూసుకోవాలి."

నేలకూ సముద్రానికీ మధ్య రెల్లు దుబ్బులు, ఉప్పునీటి మడుగులు, వాటి అవతల సన్నటి ఇసుక మేటలు. పెద్ద గాలివాన వచ్చిందంటే ఆ మేటలు జరుగుతాయి. నిరుడు బట్టలారేసిన చోట ఈ ఏడు నడుంలోతు నీళ్ళుంటాయి. మడుగులకు గట్లు వేసి చేపలు పెంచుతారు. చలికాలం ముందు చేపలకు సముద్రం మీదికి మనసు పోతుంది. అప్పుడు తూము ఎత్తి సముద్రపు నీటిని కొంచెం లోపలికి వదులుతారు. ఆ ఉప్పు వాసనకు చేపలు ఎదురీదుకుంటూ వచ్చి, బాణం మొనలాగా కట్టిన రెల్లు తడికల సందులో చిక్కుతాయి. పాముల్లాంటి మలుగు చేపలైతే నవంబర్‌లో, గాలివానలోనే కదులుతాయట. ఆవిడ తండ్రి ఒక మడుగుకు కాపలాదారు. సముద్రానికి పోవాలన్న ఆశ మీదే ఆ పని నడుస్తుందని, చేప తనంతట తానే తడికలోకి వస్తుందని ఆవిడ చెబుతుంటే, నేను పిండిలో ఆ తూము ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించాను.

లైబ్రరీలో వెనిస్ గురించిన పుస్తకాలు ఒక అర నిండా ఉండేవి. వాటిలో చాలావాటి పటం సరిగ్గా డెల్టా మొదలయ్యే చోట అంచుకు వచ్చి ఆగిపోయేది.

మనుషుల స్వభావం గురించి ఆవిడ ఎప్పుడూ విడిగా చెప్పలేదు. నేను ఆవిడను చూసి గ్రహించిందే. పొగడరు. బతిమాలరు. వస్తానని మాట ఇవ్వరు. దారి ఉంటే వస్తానంటారు. మా వంట ఆవిడకు నచ్చిందని చెప్పేది తిరిగి వచ్చే గిన్నే. అది ఖాళీగా వచ్చేది, లోపల ఏదో ఒకటి పెట్టి కాదు. "ఖాళీగా ఇస్తే మళ్ళీ పంపమని అర్థం," అని మూడో ఏడు చెప్పారు. మా వైపు ఖాళీ గిన్నె తిరిగివ్వడం తప్పని నా భార్య రెండేళ్ళు లోలోపల గింజుకుంది.

ఆవిడ ఊరు ఆడ్రియా పట్టణానికి దిగువన, పెద్ద పో ఎడమ గట్టు కింద. 1951 నవంబర్‌లో నదికి చాలా ఎగువన గండి పడింది. మా ఉప్పెన సముద్రం నుంచి ఒక్క పూటలో లేచి వచ్చి మింగేసింది. వాళ్ళ నీళ్ళు అలా కాదు. బల్లపరుపు నేల మీద నడిచి, రోజుల తరబడి నడిచి వచ్చాయి. వస్తున్నాయని తెలుసు. ఎప్పుడన్నది తెలీదు. తండ్రి కట్ట మీద ఇసుక బస్తాలు వేస్తుంటే, తల్లీ ఈవిడా కలిసి పిండి, పరుపులు, కోళ్ళు మేడ మీదికి చేర్చారు. కుట్టు మిషను మాత్రం ఎక్కలేదు. ఇనుప కాళ్ళది. ఇద్దరి వల్ల కాలేదు, మూడో మనిషి దొరకలేదు. అది ఈవిడ పెళ్ళికని, బతుకుతెరువుకని కొన్నది. కిటికీలోంచి పడవ ఎక్కించుకొని తీసుకుపోయేటప్పుడు కింది గదిలో నీళ్ళు ఫోటోలు తగిలించే గోడ మేకుల దాకా ఉన్నాయి. మరుసటి ఏడు ఈవిడ నాటింగ్‌హామ్ వచ్చి ఇంకొకరి మిషను ముందు కూర్చున్నారు.

ఈ సంగతి ఆవిడ కొడుక్కి కూడా తెలియదు. యాభై దాటిన మనిషి, క్రోయిడన్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం, నెలకొకసారి రైలెక్కి వచ్చేవాడు. తల్లిది వెనిస్ అనుకునేవాడు. ఆవిడ అలాగే చెప్పారు. దివిసీమ అంటే ఎవరికీ తెలియదని నేనూ ఇక్కడ విజయవాడ అనే చెబుతాను.

2012 శరదృతువులో వాన తెరిపి ఇవ్వలేదు. ట్రెంట్ నది ఒడ్డు మెట్లు మునిగాయి. నవంబర్ 10, శనివారం, వచ్చి సామాను మోస్తానని ఆవిడకు చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "శనివారం దాకా ఆగుతుందా?" అన్నారు. ఆగుతుందన్నాను. ఆవిడ ఆగలేదు. 6వ తేదీ మంగళవారం నా భార్య పొద్దున డ్యూటీ నుంచి వస్తూ, పక్కింటి గుమ్మంలో పాల సీసా అలాగే ఉండటం చూసింది. మా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. ఆవిడ మెట్ల కింద, దుప్పటి మూట మీద తల పెట్టుకొని పడి ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. స్పృహలోనే ఉన్నారు. అంబులెన్స్ వచ్చేలోపు నా భార్యతో అన్న మాట ఒక్కటే: "ఫోటోలు పైకి చేరాయి."

ఆపరేషన్ బాగానే జరిగింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఇల్లు చూసి వెళ్ళిన ఆసుపత్రి వాళ్ళకు, పై గదిలో సగం సంసారం పేర్చి ఉండటం, మెట్ల మీద గిన్నెలు వరుసగా ఉండటం కనిపించాయి. ఆవిడ బుద్ధి స్థిరంగా ఉందా, ఒంటరిగా ఉండగలరా అన్న ప్రశ్న వచ్చింది. డిసెంబర్ 5న సమావేశం. ఇంటికి పంపడమా, ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌కు పంపడమా అన్నది ఆ రోజు తేలిపోతుంది. పక్కింటివాణ్ణి కాబట్టి నన్నూ రమ్మన్నారు.

కొడుకు ఫోన్‌లో నాతో చాలాసేపు మాట్లాడాడు. "నేను రోజూ క్రోయిడన్ నుంచి రాలేను కదా. ఇంకోసారి పడితే? ఆమె నా మాట వినదు. మీ మాట వింటుందేమో చెప్పండి."

నా భార్య ఆసుపత్రి మనిషి. అక్కడి పద్ధతి తనకు తెలుసు. "మీరు అక్కడికెళ్ళి మీ ఉప్పెనలు, వాళ్ళ వరదలు చెప్పబాకండి," అంది. "ఇక మెట్ల మీద బరువులు మొయ్యనని ఆవిడ చేత ఒక్క మాట అనిపించండి, చాలు. ఆ మీటింగు పెట్టిన సోషల్ వర్కర్ కూడా ఆ మాట కోసమే చూస్తా ఉంటది."

ముందు రోజు సాయంత్రం వార్డుకు వెళ్ళాను. ఆవిడ దిండ్లకు ఆనుకొని కిటికీ వైపు చూస్తున్నారు. ఆ వార్డు మూడో అంతస్తులో ఉంది. ఆ విషయంలో ఆవిడకు ఏ ఫిర్యాదూ లేదు.

"రేపు ఒక్క మాట అనండి చాలు," అన్నాను. "ఇక సామాను పైకి మొయ్యను అని."

"నువ్వు మోస్తావా?"

"మోస్తాను. ప్రతి ఏడాదీ."

"శనివారాలు."

"మీరు చెప్పిన రోజు."

"మంగళవారం చెబితే?" ఆవిడ పెదవి కొంచెం వంకర అయింది. "నది నీ సెలవు చూసుకొని రాదు, డక్."

"ఉత్తినే అనండి. వాళ్ళు అడుగుతారు, మీరు అంటారు, ఇంటికొస్తారు. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం. మీకు దండం పెడతాను."

నేను నిజంగానే చేతులు జోడించాను. ఆవిడ ఆ చేతులను కాసేపు చూశారు.

"మీ అమ్మ అనేదా?" అని అడిగారు.

నా కళ్ళ ముందు మా అమ్మ అటక కింద నిచ్చెన వేసుకొని నిలబడి ఉంది. ఆమెను ఆ మాట అనమని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికి ఉండేది?

సమావేశం వార్డు పక్కనున్న చిన్న గదిలో జరిగింది. సోషల్ వర్కర్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. మెత్తగా, నిదానంగా మాట్లాడింది. ఆ అమ్మాయి మీద నాకు అప్పుడూ ఇప్పుడూ ఏ కోపమూ లేదు. పేరు, తేదీ, వీధి అడిగింది. ఆవిడ అన్నీ సరిగ్గా చెప్పారు. అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది.

"మిమ్మల్ని ఇంటికి పంపిస్తే, ఇక మెట్ల మీద బరువులు మోయనని మాకు చెప్పగలరా?"

"నవంబర్‌లోనా?"

"ఎప్పుడూ."

"మిగతా నెలల్లో ఎందుకు మోస్తాను?"

కొడుకు నుదురు పట్టుకున్నాడు. ఆ అమ్మాయి కొంచెం ముందుకు వంగింది. "ఆ ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్ళు వచ్చాయా?"

"రాలేదు."

"మరి?"

"వచ్చేదాకా రావు."

"అమ్మా, నది పక్కన కొత్తగా వరద గోడ కట్టారు," అన్నాడు కొడుకు. "నేను చూపించాను కదా నీకు."

"గోడ కట్టారంటే నీళ్ళొస్తాయని వాళ్ళకీ తెలుసన్నమాట."

ఇక ఉండబట్టలేక, నా భార్య వద్దన్న పని నేను చేశాను. సంచిలోంచి అట్లాసు తీసి బల్ల మీద పరిచాను. పో డెల్టా చూపించాను. కరకట్ట, దాని కింద ఇళ్ళు, నదికంటే పల్లంలో నేల, ఎగువన గండి, నడిచి వచ్చిన నీళ్ళు, ఎక్కని కుట్టు మిషను. ఈ అలవాటు ఎక్కడిదో, దివిసీమ ఎక్కడుందో, మా అమ్మ ఏం చేసేదో చెప్పాను. నది చివర పుట్టినవాళ్ళకు ఇది మతిభ్రమ కాదు, ఇల్లాలి పని అని చెప్పాను. కొడుకు తల్లి వంక కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. ఆ అమ్మాయి నన్ను మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక, "ఇది తెలుసుకోవడం మాకు చాలా ముఖ్యం," అంది. ఆపైన ఆవిడ వైపు తిరిగి ఇంకా మెత్తగా, "అంటే ఆ భయం మీకు ఇన్నేళ్ళుగా ఉంది. వచ్చే నవంబర్‌లో కూడా ఉంటుంది కదా?" అంది.

"నవంబర్ ఉంటే ఉంటుంది," అన్నారావిడ.

నేను చెప్పింది వాళ్ళు నమ్మారు. నమ్మడం వల్లే ఆవిడ ఆ పని మానరని కూడా వాళ్ళకు రూఢి అయింది. ఆవిడకు మతి పోయిందని ఎవరూ అనలేదు. ఆ మెట్ల ఇల్లు ఆవిడకు ప్రమాదమని మాత్రం అన్నారు. కేర్ హోమ్‌కే పంపాలని తేలింది. బయట కారిడార్‌లో కొడుకు నా చెయ్యి పట్టుకొని, "నాకు ఎందుకు చెప్పలేదు? ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను కాదు.

2013 జనవరిలో ఆవిడను నది అవతలి కేర్ హోమ్‌లో చేర్చారు. కింది అంతస్తు గది. నేను మొదటి వారమే వెళ్ళి మేనేజర్‌ను పై అంతస్తు గది అడిగాను. నడవలేనివాళ్ళకు, అగ్నిప్రమాదం వస్తే దించలేరు కాబట్టి, పైన గది ఇవ్వరట. న్యాయమే. మార్చిలో మళ్ళీ అడిగాను. జూన్‌లో ఇంకో హోమ్ కోసం తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా నడవలేనివాళ్ళు కిందే. ఆదివారాలు వెళ్ళి కూర్చునేవాణ్ణి. మొదట్లో ఆవిడ వాకర్ పట్టుకొని వరండా దాకా వచ్చేవారు. వేసవి అయ్యేసరికి మంచం అంచు దాకానే. ఒకరోజు ట్రేలో ఉప్పు పోసి పాయలు గీయబోయారు. చెయ్యి ఒకే చోట తిరిగింది. "అయిదోది పూడిపోయింది," అన్నారు.

అక్టోబర్‌లో ఒక ఆదివారం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నాలుగేళ్ళలో నన్ను దేనికీ బతిమాలని మనిషి, "నన్ను పైకి చేర్చు," అన్నారు. మళ్ళీ, "సామాను అక్కర్లేదు. నన్నొక్కదాన్నే," అన్నారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న అమ్మాయిని పిలిచి, కనీసం పగటిపూట వీల్‌చైర్‌లో పై వరండాకు తీసుకెళ్ళమని బతిమాలాను. లిఫ్టు ఉంది, తోసుకెళ్ళడానికి మనిషి లేడు, డ్యూటీల పట్టిక చూసి చెబుతానంది. నేనే తోసుకొని వెళ్ళాను. ఆవిడ పై కిటికీలోంచి కింది గడ్డిని, కార్లను, మురుగు కాలువ మూతను వరుసగా చూశారు. అరగంట తర్వాత కిందికి తీసుకురావలసి వచ్చింది. లిఫ్టు దిగుతున్నంతసేపూ కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

కేర్ హోమ్ ఖర్చుకు ఇల్లు అమ్మక తప్పలేదు. కొన్నవాళ్ళకు నవంబర్ చివరికి అప్పగించాలి. 16వ తేదీ శనివారం కొడుకు వ్యాన్ తెచ్చాడు. నన్ను సాయం రమ్మన్నాడు. పై గదిలో నిరుటి సామాను నిరుడు ఆవిడ పెట్టినచోటే ఉంది. పిండికి పురుగు పట్టింది. పరుపుల మధ్య గాజు గిన్నెలు, వాటి మధ్య గుడ్డలు, ఎంత జాగ్రత్తగా పేర్చారంటే, ఒకటి తీస్తే ఏది కదులుతుందో చూసుకొని తీయాలి. బయట వాన. నేను నవంబర్‌లో సామాను కిందికి మోయడం నా బతుకులో అదే మొదటిసారి. మెట్టు దిగిన ప్రతిసారీ నా కాలు ఒక క్షణం ఆగేది. కొడుకు, "అలసిపోయారా?" అని అడిగాడు. కాదన్నాను.

మరుసటి రోజు ఇద్దరం కలిసి కేర్ హోమ్‌కు వెళ్ళాం. ఇల్లు అమ్మిన సంగతి చెప్పవద్దని అతను దారిలో నన్ను కోరాడు. ఆవిడ మేలుకొని ఉన్నారు. కొడుకు చేతులు చూశారు. వేలికి కట్టు ఉంది. గాజు గిన్నె గీరుకుంది.

"ఏమైంది?"

"ఏం లేదమ్మా. పై గదిలో సామాను దించాం," అన్నాడు. అన్నాక పెదవి కొరుక్కున్నాడు.

ఆవిడ నా వంక తిరిగారు. "అంతా దించారా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది కానీ, ఆ కళ్ళ ముందు నిలబడలేదు. "దించాం," అన్నాను.

"పరుపులు కూడా?"

"అన్నీ."

నేను ఏడుపు కోసం, తిట్టు కోసం ఎదురుచూశాను. ఆవిడ ముఖం నెమ్మదిగా తేటపడింది. ఏడాదిగా నేను చూడని తేటదనం అది.

"దించారంటే నీళ్ళు తీశాయన్నమాట," అన్నారు. "ఇల్లు ఆరిందా?"

కొడుకు గోడ వైపు తిరిగాడు.

"ఆరింది," అన్నాను.

"మరి ఇంకా ఇక్కడ కూర్చున్నామేంటి?" ఆవిడ దుప్పటి తీసేసి, మంచం అంచు పట్టుకొని కాళ్ళు కిందికి దించారు. వంగి మంచం కింద చెయ్యి పెట్టి తడమసాగారు. "బూట్లు ఎక్కడ పెట్టారు, డక్? ఇక్కడే ఉండాలి. చూడు."

ఆవిడ బూట్లు నిన్న మధ్యాహ్నం నేనే సంచిలో వేసి పాత వస్తువులు తీసుకునే ఛారిటీ షాపు వాళ్ళకు ఇచ్చాను. నేను నేల మీద మోకాళ్ళూని మంచం కిందికి వంగి, ఆవిడ చూపించిన చోటల్లా వెతకడం మొదలుపెట్టాను.